రేవులోకి బయటి ప్రాంతం నుంచి కొత్త జాతి ఆల్చిప్ప దిగిందో లేదో కనిపెట్టడం ఎలా? దిగితే ఏం చేయాలి?

రేవులో కొన్ని నెలలుగా నీళ్లలో నానుతున్న తాడును ఒకసారి పైకి లాగి చూడండి. పాకుడు, బార్నకిల్స్ (కదలకుండా అంటుకుని ఉండే గట్టి తెల్లటి గుల్లలు), ఒకటీ రెండు పీత పిల్లలు ఉంటే కంగారు పడాల్సిందేమీ లేదు. కందిగింజంత నల్లటి గుల్లలు సన్నటి దారాలతో తాడును పట్టుకుని గుత్తులు గుత్తులుగా ఉండి, అలాంటివి అక్కడ ఇదివరకు ఎవరూ చూసి ఉండకపోతే మాత్రం ఆ రోజు మిగతా పనులు పక్కన పెట్టండి. ఆ గుత్తిని అక్కడే గీకి నీళ్లలో పడేయకండి. చాలామంది మొదట చేసే తప్పు అదే.

ఆల్చిప్పలు గుడ్లనూ వీర్యాన్నీ నేరుగా నీళ్లలోకే వదులుతాయి. పిల్లదశలో లార్వా కంటికి ఆనదు, జాతిని బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా ప్రవాహంతో పాటే పోతుంది. ఆ తర్వాత గట్టి చోటు దొరికితే అంటుకుంటుంది. బయటి సముద్రంలోకి లార్వా వెళ్లిపోయాక దాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. మనకు చేతనైనది మూసి ఉన్న నీళ్లలో, మొదటి కొన్ని వారాల్లో పట్టుకోవడమే.

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో 1998 సెప్టెంబరులో పడవల రేవులను సర్వే చేసినప్పుడు మైటిలాప్సిస్ సాలీ అనే నల్లచారల ఆల్చిప్ప ఒక్కటీ దొరకలేదు. 1999 మార్చిలో చూస్తే చదరపు మీటరుకు వేల సంఖ్యలో ఉన్నాయి. మధ్యలో గడిచింది ఆరు నెలలు. అక్కడ ఆటుపోట్లు చాలా పెద్దవి కాబట్టి ఆ రేవులకు గేట్లు ఉన్నాయి. వాటిని మూసేసి నీళ్లలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి కొన్ని వారాల్లో మొత్తం చంపేశారు. లోపలున్న చేపలూ పీతలూ కూడా పోయాయి, కానీ ఆల్చిప్ప బయటికి పాకలేదు. ఇదే జాతి 1967లో విశాఖపట్నం హార్బర్‌లో కనిపించింది, అక్కడే స్థిరపడిపోయింది. గేటు ఉండటానికీ లేకపోవడానికీ, ఆరు నెలలకోసారి చూడటానికీ అసలు చూడకపోవడానికీ ఉన్న తేడా అంతే.

అవి వచ్చే దారులు

పెద్ద ఓడల బ్యాలస్ట్ నీళ్లలో, అంటే ఓడ ఒరగకుండా బరువు కోసం తొట్టెల్లో నింపుకునే నీళ్లలో లార్వాలు వస్తాయి. 2004లో ఒప్పందం కుదిరి 2017 సెప్టెంబరు 8న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నియమం ప్రకారం, ఓడ వదిలే బ్యాలస్ట్ నీళ్లలో 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంతకంటే పెద్ద ప్రాణులు ఘనపు మీటరుకు 10 కంటే తక్కువే బతికి ఉండాలి. ఇది ఓడల సంగతి. చిన్న పడవల విషయంలో అసలు దారి అడుగుభాగం, దానికి అంటుకుని వచ్చే గుల్లలు. మూడోది కల్చర్ కోసం, అంటే పెంపకానికి తెచ్చే పిల్ల. నాలుగోది బతికున్న సరుకును ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లి, మిగిలినవాటిని, కడిగిన నీళ్లను కాలవలో పారబోయడం. ఈ నాలుగూ గుర్తుంటే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది.

మొదటి పని: చోటు ఎంచుకోవడం

అలలు బాదే రాతి ఒడ్డుతో మొదలుపెట్టకండి. కొత్త జాతి ముందుగా నీరు నిలిచే మూలల్లో దిగుతుంది. అక్కడ లార్వా కొట్టుకుపోదు, తినే చేపలు తక్కువ, బయటి నుంచి వచ్చిన పడవలు వారాల తరబడి కట్టి ఉంటాయి. ఈ వరసలో చూడండి:

- పాంటూన్ల, అంటే పడవలు కట్టే తేలే వేదికల అడుగు, పక్కలు. ఇవి నీటిమట్టంతో పాటే లేచి దిగుతాయి కాబట్టి వీటి అడుగు ఎప్పుడూ తడిసే ఉంటుంది. ఒకే చోటుకు సమయం ఉంటే ఇదే చూడండి.
- కదలకుండా పడి ఉన్న పడవలు, వాటి లంగరు తాళ్లు, బోయాలు, పాత టైర్లు.
- సముద్రపు నీటిని తోడే పైపుల నోళ్లు, జల్లెడలు.
- ఉప్పుటేరులో మంచినీరు కలిసే భాగం. మైటిలాప్సిస్ లాంటివి దాదాపు మంచినీటి నుంచి సముద్రం కంటే ఉప్పగా ఉన్న నీటి దాకా తట్టుకుంటాయి. వేరే జంతువులు బతకలేని చోట్లే వాటికి పోటీ ఉండదు.

వెళ్లిన ప్రతిసారీ నీటి వేడినీ, రిఫ్రాక్టోమీటరుతో (ఉప్పుశాతం కొలిచే చిన్న చేతి పరికరం) ఉప్పుశాతాన్నీ రాయండి. పైనీటిది ఒకటి, మీటరు లోతుది ఒకటి. వాన పడ్డాక ఉప్పుటేర్లలో మంచినీరు పైన పొరలా తేలుతుంది. పైది ఒక్కటే కొలిస్తే తప్పు అంకె చేతికొస్తుంది.

రెండో పని: పలకలు వేలాడదీయడం

మొత్తం పనిలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే. రేవంతా వెతికే బదులు గుల్లలే మన పలక మీదికి వచ్చేలా చేస్తాం.

కావలసినవి: 14 సెం.మీ. × 14 సెం.మీ. బూడిదరంగు పీవీసీ పలకలు, 5 నుంచి 6 మి.మీ. మందం, ఒక్కో పలకకు రెండు మూడు కిలోల ఇటుక, 6 మి.మీ. నైలాన్ తాడు, కేబుల్ టైలు, ప్లాస్టిక్ ట్యాగులు, 60 లేదా 80 నంబరు గరుకు కాగితం. ఒక రేవుకు కనీసం ఆరు, వీలైతే పది పలకలు.

1. పలకకు ఒకవైపు గరుకు కాగితంతో అడ్డంగా, నిలువుగా రుద్దండి. నున్నటి పీవీసీ మీద లార్వా నిలబడటం కష్టం.

2. నాలుగు మూలల్లో రంధ్రాలు వేసి, గరుకు వైపు బయటికి ఉండేలా ఇటుక అడుగున కేబుల్ టైలతో బిగించండి. వేలాడదీసినప్పుడు గరుకు ముఖం సముద్రపు అడుగు వైపు చూడాలి. పైకి చూస్తే ఒండ్రు పేరుకుంటుంది, వెలుతురు తగిలి నాచు కమ్మేస్తుంది, మనకు కావాల్సిన గుల్లకు చోటు మిగలదు.

3. నీటి కింద మీటరు లోతులో ఉండేలా కట్టండి. పాంటూన్‌కు కడితే ఆ లోతు మారదు. కదలని స్తంభానికి కట్టాల్సి వస్తే, నీరు బాగా తీసేసినప్పుడు కూడా మునిగి ఉండేలా కొలవండి. దానికి అమావాస్య లేదా పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వెళ్లి కొలవడం మంచిది. నీరు ఎక్కువగా వెనక్కి తగ్గేది అప్పుడే.

4. తాడు పాంటూన్ అంచుకు రాసుకునే చోట పాత పైపు ముక్క తొడగండి. పలకలు పోవడానికి దొంగతనం కంటే తాడు అరిగిపోవడమే ఎక్కువ కారణం. ఇనప తీగ వాడకండి, ఉప్పునీళ్లలో ఎక్కువ కాలం నిలవదు.

5. పక్కనే గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు ఒకదాన్ని, అంటే ఉండలా చుట్టిన జాలీని కూడా కట్టండి. ఆల్చిప్ప లార్వాకు గట్టి పలక కంటే దారాల్లాంటి చోటు ఇష్టం. పలక మీద ఏమీ లేనప్పుడు కూడా పీచు మడతల్లో మిల్లీమీటరు పిల్లలు దొరుకుతుంటాయి. దాన్ని తెల్లటి ట్రేలో మంచినీళ్లు పోసి బాగా పిండి, ఆ నీళ్లను సన్నటి జల్లెడలో వడకట్టి చూడండి.

6. సగం పలకలను నాలుగు వారాలకు, మిగతా సగాన్ని పన్నెండు వారాలకు తీయండి. నాలుగు వారాలదే ఎందుకంటే, మైటిలాప్సిస్ అంటుకున్న నెల రోజులకే పిల్లలు పెట్టే వయసుకొస్తుంది. మూడు నెలలకోసారే చూస్తే మీరు చూసేటప్పటికి రెండో తరం నీళ్లలో ఉంటుంది. పన్నెండు వారాల పలక ఎందుకంటే, బాగా ఎదిగితే గానీ కొన్ని జాతులను గుర్తుపట్టలేం.

పలక ఖాళీగా వచ్చిందంటే గుల్లలు లేవని అనుకోకండి. పక్కనే ఈమధ్య గుల్లలు అంటకుండా రాగి కలిసిన రంగు వేసిన పడవ కట్టారేమో, ఇటుక తిరగబడి పలక పైకి చూసిందేమో, చేపలు తినేశాయేమో ముందు చూడండి. ఆ చుట్టుపక్కల మామూలుగా ఉండే బార్నకిల్స్ కూడా పలక మీద లేకపోతే తప్పు పలకది లేదా చోటుది.

మూడో పని: నీరు తీసినప్పుడు ఒడ్డు చూడటం

పలక కొత్తగా వస్తున్నవాటిని చెబుతుంది. ఇప్పటికే ఎంత ఉన్నాయో తెలియాలంటే ఒడ్డు మీద లెక్కపెట్టాలి. 50 సెం.మీ. చదరపు చట్రం ఒకటి పైపుతో చేసుకోండి. నీటి అంచుకు సమాంతరంగా ఒక టేపు పరిచి, ముందే రాసుకున్న పది అంకెల దగ్గర చట్రం పెట్టండి. గుల్లలు ఎక్కువ కనిపించిన చోట పెట్టాలనే కోరిక కలుగుతుంది, పెడితే లెక్క పాడైపోతుంది. పది చట్రాల్లో మొత్తం 37 వచ్చాయనుకోండి: సగటు 3.7, దాన్ని నాలుగుతో గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 15. మరీ కిక్కిరిసి ఉంటే 10 సెం.మీ. చట్రం వాడి, సగటును 100తో గుణించండి. ఏమీ దొరకని చట్రానికి సున్నా రాయండి. ఖాళీగా వదిలేస్తే, చూశారో లేదో తర్వాత చదివేవాళ్లకు తెలియదు.

దొరికినవాటిలో ఒక యాభైకి వెర్నియర్‌తో పొడవు కొలవండి. ఈ చిన్న పని ఎన్నో ప్రశ్నలకు జవాబిస్తుంది. అన్నీ దాదాపు ఒకే పొడవుంటే, ఎవరో ఒకసారి మోసుకొచ్చిన గుంపు అయ్యుండవచ్చు, ఇంకా పట్టుకునే వీలుంది. 3, 9, 18 మి.మీ. ఇలా రెండు మూడు గుంపులుగా విడిపోతే అవి అక్కడే పిల్లలు పెడుతున్నాయని అనుమానించాలి.

ఆల్చిప్పల్లాగే బయటి నుంచి చొరబడే పీతలు కూడా ఉంటాయి, వాటికి చట్రం పనికిరాదు. ఆసియా ఒడ్డుపీత రాళ్ల కింద ఉంటుంది. అరగంట గడియారం పెట్టుకుని రాళ్లు తిప్పి చూసి, ప్రతి రాయినీ మళ్లీ అలాగే బోర్లించండి. రాయి కింద బతికేది ఎండలో పడితే చచ్చిపోతుంది. ఐరోపా పచ్చపీతకు చేపముక్క ఎర వేసిన బోనులు కావాలి. ఎరను చిల్లుల డబ్బాలో పెట్టాలి. ఊరికే వేస్తే మొదట దూరిన పీతే తినేసి, మిగతావాటికి వాసన అందదు. బోను వేసి 24 గంటల్లోపు తీయండి, పట్టిన సంఖ్యను బోనుల సంఖ్యతో భాగించి రాయండి. బోను పెట్టే ముందు మత్స్యశాఖ అనుమతి ఉండాలో లేదో కనుక్కోండి.

నాలుగో పని: ఏది ఏదో గుర్తుపట్టడం

తొందరపడితే ఇక్కడే తప్పుతుంది. చిన్న నల్ల ఆల్చిప్పలన్నీ బయటి నుంచి ఒకేలా కనిపిస్తాయి, రంగును బట్టి తేల్చడం కుదరదు. ఒకటి చంపి విప్పాలి.

సన్నటి కత్తి మొనను రెండు చిప్పల మధ్య, దారాలు బయటికొచ్చే చీలిక దగ్గర దూర్చి మూసే కండరాన్ని కోయండి. మాంసం తీసేసి, చిప్పను కడిగి, ముక్కు కొసను, అంటే చిప్ప మొనదేలిన చివరను వెలుతురు వైపు తిప్పి 10 రెట్ల భూతద్దంతో లోపల చూడండి. ముక్కు లోపల చిన్న అరలాంటి తెల్లటి పలక అడ్డంగా ఉంటే అది మైటిలాప్సిస్ లేదా జీబ్రా ఆల్చిప్ప కుటుంబానిది. ఇప్పుడు ఆ అర పక్కన, హింజి (రెండు చిప్పలు కలిసే కీలు) వైపున కోడిగుడ్డు పెంకు నుంచి విరిగిన పలుకులాంటి ఇంకో చిన్న పొడుచుకొచ్చిన భాగం ఉందా? ఉంటే మైటిలాప్సిస్. అర మాత్రమే ఉండి పలుకు లేకపోతే జీబ్రా ఆల్చిప్ప జాతి కావచ్చు. అది మంచినీటిది, బాగా ఉప్పున్న నీళ్లలో ఉండదు. భూతద్దం సరిగా పట్టుకోవడానికి రెండు మూడు చిప్పలు వృథా అవుతాయి, ఫర్వాలేదు.

అర అసలే లేకపోతే అది మామూలు మసెల్ (సముద్రపు ఆల్చిప్ప) కుటుంబానిది. అందులో మైటెల్లా స్ట్రైగాటా దక్షిణ అమెరికాది. ఇది 1986లో ఫ్లోరిడాలో కనిపించింది, ఈ శతాబ్దంలో ఫిలిప్పీన్స్, సింగపూర్, కేరళ వెనుకజలాల దాకా చేరింది. చిప్ప నలుపో గోధుమో, ఒక్కోసారి పచ్చగానో ఉంటుంది, లోపల ఊదారంగు మెరుస్తుంది. పచ్చ మసెల్ అంటే పెర్నా విరిడిస్‌తో దీన్ని చాలామంది పొరబడతారు. తేడా ఇదీ: పెద్ద పెర్నాకు ముక్కు దగ్గర ఉండాల్సిన ముందు కండరం ఉండదు, మైటెల్లాకు ఉంటుంది. చిప్ప లోపల ముక్కు పక్కన చిన్న మచ్చలాంటి గుర్తు ఉందా అని చూడండి. ఇక పెర్నా విరిడిస్ హిందూ మహాసముద్ర ప్రాంతానికి సొంత జాతి, కానీ 1999లో ఫ్లోరిడాలోని టాంపా బేలో అదే దురాక్రమణ జాతి. ఏది చుట్టమో ఏది చొరబాటో జాతిని బట్టి కాదు, అది ఏ తీరంలో ఉందో దాన్ని బట్టి.

మిగతావి కొంత తేలిక. చెప్పులాంటి నత్త క్రెపిడ్యులా ఒకదాని మీద ఒకటి దొంతరగా ఎక్కి కూర్చుంటుంది, అడుగున ఉన్నవి ఆడవి, పైనున్న చిన్నవి మగవి. రపానా వెనోసా పెద్ద నత్త, నోటి లోపల ముదురు నారింజ రంగు. 1940లలో నల్ల సముద్రంలోకి చేరి అక్కడి ఆయిస్టర్లనూ మసెల్స్‌నూ తినేసింది. పీతలకైతే పైపెంకు అంచున, కంటి పక్క నుంచి పళ్లు లెక్కపెట్టండి: రెండు వైపులా ఐదేసి ఉంటే ఐరోపా పచ్చపీత కావచ్చు, మూడేసి ఉండి కాళ్లకు పట్టీలుంటే ఆసియా ఒడ్డుపీత కావచ్చు. ఐరోపా పచ్చపీత పేరుకే పచ్చ, ఎర్రగానూ నారింజగానూ కూడా ఉంటుంది. డెక్కలకు చేతితొడుగు వేసినట్టు బూరు ఉంటే చైనా మిట్టెన్ పీత. అది నదుల్లోకి కూడా ఎక్కుతుంది.

ఐదో పని: ఫొటో, నమూనా, కబురు

ఫొటోలు నాలుగు: ఉన్న చోట ఉన్నట్టు, చిప్ప బయటివైపు, చిప్ప లోపలివైపు, ముక్కు కొస దగ్గరగా. పక్కన స్కేలు ఉండాలి. ఫోన్‌లో జీపీఎస్ అంకెలను ఐదు దశాంశాల దాకా రాసుకోండి.

నమూనాకు 95 శాతం ఇథనాల్ వాడండి. ఫార్మలిన్‌లో పెడితే డీఎన్ఏ పాడైపోయి, జాతిని జన్యుపరంగా తేల్చడం కష్టమవుతుంది. ఆల్చిప్పను మూసి ఉండగానే సీసాలో వేయడం మామూలుగా జరిగే పొరపాటు. చిప్ప బిగించుకుని లోపలికి ఇథనాల్ చేరనివ్వదు, వారం తర్వాత తీస్తే లోపల కుళ్లిన మాంసం. అందుకే ముందు కండరం కోయండి, లేదా రెండు చిప్పల మధ్య అగ్గిపుల్ల ముక్క పెట్టండి. నమూనాకు కనీసం ఐదు రెట్లు ఇథనాల్ పోయండి, మర్నాడు దాన్ని పారబోసి కొత్తది పోయండి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది.

తర్వాత మత్స్యశాఖకు, రేవు అధికారులకు, దగ్గర్లోని సముద్ర పరిశోధన సంస్థకు ఒకేసారి కబురు పెట్టండి. ఒక్కరికే చెబితే ఆ కాగితం ఆ బల్ల మీదే ఉండిపోవచ్చు. బతికున్నదాన్ని బకెట్లో నీళ్లు పోసి తీసుకెళ్లి చూపించకండి. ఆ నీళ్లు చివరికి ఎక్కడో ఒక కాలవలో పడతాయి.

ఆరో పని: పడవ, వల, తాడు

పడవ నీళ్లలో ఉండగా గీకకూడదు. ఊడిన గుత్తులు చావవు, కింద రాళ్ల మీద పడి మళ్లీ దారాలు వేసుకుంటాయి. పైగా గాయపడిన, బెదిరిన ఆల్చిప్పలు అక్కడికక్కడే గుడ్లు వదిలే అవకాశం ఉంది. ఒడ్డుకు లాగి, కింద టార్పాలిన్ పరిచి గీకండి, ఊడినదంతా సంచిలో కట్టి నీటికి దూరంగా గొయ్యిలో పూడ్చండి. కడిగిన నీళ్లు కూడా తిరిగి రేవులోకి పారకూడదు.

నున్నటి అడుగుభాగం కంటే సందుల్లోనే ఎక్కువ ఉంటాయి: ప్రొపెల్లర్ షాఫ్ట్, చుక్కాని కీలు, నీరు లాగే జల్లెడ, లంగరు గొలుసు పెట్టె. ఇంకోటి కూడా ఉంది, చాలామంది మర్చిపోయేది. పడవను ఒడ్డున దిమ్మెల మీద నిలబెట్టి రంగు వేసినప్పుడు, దిమ్మె ఆనిన చోట రంగు పడదు. ఆ చదరపు మచ్చలే గుల్లలకు కాలనీలు. ఈసారి దిమ్మెలను కొద్దిగా జరిపి ఆ మచ్చలకు కూడా రంగు వేయించండి.

వేడినీళ్లతో చంపడం నమ్మకమైన పద్ధతి. గుల్లను తాకే చోట 60 డిగ్రీలు ఉండాలి, ఒక్కో చోట కనీసం 10 సెకన్లు ఆగాలి, గుత్తిగా ఉంటే ఇంకా ఎక్కువ. యంత్రం మీద 60 అని కనిపించినంత మాత్రాన సరిపోదు. నాజిల్ నుంచి అడుగు దూరం వెళ్లేసరికి వేడి బాగా పడిపోతుంది. థర్మామీటరు పెట్టి గుల్ల పక్కనే కొలవండి. తాళ్లు, వలలు ఐదు నిమిషాలు ముంచి తీయవచ్చు.

బ్లీచింగ్ ద్రవం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. ఆల్చిప్ప క్లోరిన్ వాసన పసిగట్టగానే మూసుకుని, రోజుల తరబడి అలాగే ఉండగలదు. గంట నానబెట్టి కడిగేస్తే లోపలిది హాయిగా ఉంటుంది. మంచినీళ్ల సంగతీ అంతే, మైటిలాప్సిస్‌కైతే అది శిక్షే కాదు. బ్లీచింగ్‌ను వెనిగర్‌తో గానీ ఇతర ఆమ్లంతో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

వేడినీళ్లు లేకపోతే ఎండే దిక్కు. వలను కుప్పగా పోసి వదిలేస్తే లోపలి పొరలు తడిగానే ఉంటాయి, నీడలో తడిగా ఉన్న ఆల్చిప్ప వారం దాటి కూడా బతుకుతుంది. పలచగా పరిచి, మధ్యలో తిప్పుతూ, వాన తగలకుండా కనీసం రెండు వారాలు ఆరబెట్టండి. చచ్చిందో లేదో తెలుసుకోవడం సులువు: నోరు తెరుచుకుని ఉన్నదాన్ని వేలితో తట్టండి, నెమ్మదిగా అయినా మూసుకుంటే ఇంకా బతికే ఉంది.

పడవను లాగే వీలు లేకపోతే, అడుగు నుంచి మొత్తాన్ని మందపాటి ప్లాస్టిక్ పట్టాతో చుట్టి పైన బిగించే పద్ధతి ఉంది. లోపలి నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి గుల్లలు చస్తాయి. కానీ ఆల్చిప్ప గాలి లేకుండా కూడా రోజులు నెట్టుకొస్తుంది కాబట్టి వారం పైనే పట్టవచ్చు. పట్టాకు ఒక్క చిల్లు పడినా అంతా వృథా, రోజూ ఈతగాడు చుట్టూ చూడాల్సిందే.

ఏడో పని: చెరువులు, కల్చర్

నీరు తోడే పైపుకు కట్టే సంచి గురించి ఒక పెద్ద అపోహ ఉంది. 60 మెష్ జాలీ వేశాం, ఇక ఏదీ దూరదు అనుకుంటారు. మెష్ అంటే అంగుళానికి ఎన్ని రంధ్రాలో చెప్పే అంకె; 60 మెష్ అంటే సుమారు 250 మైక్రాన్ల రంధ్రం. ఆల్చిప్ప లార్వా చిన్నప్పుడు 100 మైక్రాన్లకు కూడా మించదు, హాయిగా జారిపోతుంది. దాన్ని ఆపాలంటే 200 మెష్, అంటే సుమారు 75 మైక్రాన్లు కావాలి. అంత సన్నటిది త్వరగా మూసుకుపోయి చిరిగిపోతుంది కాబట్టి, ముందు ముతక సంచి, దాని వెనక సన్నటిది, రెండు పొరలుగా కట్టండి. సంచి పెద్దదైతే ఒత్తిడి తగ్గుతుంది. రోజూ విప్పి ఉతకాలి.

పిల్లను బయటి నుంచి తెచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. క్రెపిడ్యులా బ్రిటన్‌కు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా ఆయిస్టర్లతో పాటే వచ్చింది. వీలైతే హేచరీ (పిల్లలను పుట్టించే కేంద్రం) పిల్లనే కొనండి. సముద్రంలో పట్టిన పిల్లైతే, బయటికి నీరు పోని తొట్టెలో రెండు వారాలు విడిగా ఉంచి, ప్రతి గుత్తినీ విడదీసి చూసి, తేడాగా ఉన్నవి ఏరేయండి. ప్యాకింగ్‌లో వచ్చిన నీళ్లను, నాచును వేడినీళ్లతో చంపి పారేయండి. ఈ నీళ్లలో ఇది పిల్లలు పెట్టదులే అని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. పసిఫిక్ ఆయిస్టర్‌ను ఉత్తర సముద్ర తీరానికి తెచ్చినప్పుడు అక్కడి చలికి అది గుడ్లు పెట్టలేదని అనుకున్నారు. ఇప్పుడు ఆ తీరం వెంబడే ఉన్న వాడెన్ సముద్రంలో మసెల్ పరుపుల మీద అవే రాతిగుట్టల్లా పేరుకుపోయాయి.

అప్పటికే పాతుకుపోతే

నీరు మూసి ఉన్న చోటైతే, అధికారుల చేతుల మీదుగా డార్విన్ తరహా చర్య ఇంకా సాధ్యమే. ఎవరికి వారు మందులు పోయడం చట్టపరంగా నేరం కావచ్చు, పైగా సగం మోతాదు ఆల్చిప్పను చంపదు, మిగతావన్నీ చస్తాయి.

తెరిచి ఉన్న తీరంలో మొత్తం ఏరేద్దామనే ఉత్సాహం ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. కాలిఫోర్నియాలోని సీడ్రిఫ్ట్ లగూన్‌ అనే ఉప్పునీటి మడుగులో ఐరోపా పచ్చపీతలు సుమారు 1,25,000 ఉండగా, ఏళ్లపాటు బోనులతో పట్టి 2013 నాటికి 10,000 లోపుకు దించారు. మరుసటి ఏడాది అవి దాదాపు 3,00,000 అయ్యాయి. పెద్ద పీతలు పిల్ల పీతలను తింటాయి. పెద్దవి పోగానే పిల్లలను అడ్డుకునేవాళ్లు లేకుండా పోయారు. ఇప్పుడు వాటిని ఒక్కటి కూడా లేకుండా చేయాలని చూడకుండా, స్థానిక జాతులు బతికేంత స్థాయికి దించి, ఏటా అక్కడే ఉంచడం మేలని అక్కడివాళ్ల అనుభవం. మీరు కూడా మొదలుపెట్టే ముందు ఏటా ఎన్ని బోనులు, ఎన్ని రోజులు వేయగలరో లెక్క వేసుకోండి. మూడో ఏడాది డబ్బు అయిపోయే పథకం అసలు లేకపోవడం కంటే చెడ్డది.

కిలోకింత అని బహుమతి ప్రకటించడం కూడా మంచిది కాదు. డబ్బు వస్తుందంటే వాటిని ఎక్కడో పెంచేవాళ్లు, కొత్త చోట వదిలేవాళ్లు పుట్టుకొస్తారు. తినేస్తే పోతుంది కదా అనే సలహా కూడా వస్తుంది. ఆల్చిప్పలు నీటిని వడకట్టి తింటాయి కాబట్టి రేవు నీళ్లలోని లోహాలు, మురుగు క్రిములు, విషపు నాచు వాటి మాంసంలో పేరుకుంటాయి. రేవు గోడల మీద పెరిగినవి తినకూడదు.

చేయగలిగింది పక్క తీరాన్ని కాపాడటం. ఆ రేవు నుంచి బయలుదేరే ప్రతి పడవ అడుగూ కడగడం, బతికున్న సరుకును అక్కడి నుంచి కదలనివ్వకపోవడం, రెండు మూడు రేవుల అవతల నాలుగు వారాల పలకలు కొత్తగా వేలాడదీయడం.